హెరాల్డ్ కారు పంపు

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకు వెళ్లే దారిలో సూర్యనారాయణ లేత్ షాపు ఉంది. రైసుమిల్లుల షాఫ్టులు, బోరు మోటార్ల బుష్‌లు, చేపల చెరువుల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల గేర్లు ఆ షాపుకు కూడు పెట్టే పనులు. పేరు తెచ్చినవి మాత్రం కార్లు. పాత కార్ల మీద మోజున్నవాళ్లు, ఏ బజార్లోనూ దొరకని సామాను కావలసినవాళ్లు విజయవాడ నుంచీ కాకినాడ నుంచీ కూడా వెతుక్కుంటూ వచ్చేవారు. అరిగిపోయిన ముక్క తెచ్చి బల్లమీద పెడితే సూర్యనారాయణ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వచ్చే వారం రండి" అనేవాడు. వచ్చే వారానికి అలాంటిదే కొత్తది తయారుగా ఉండేది.

అతని భార్య కనకరత్నం పెళ్లయిన కొత్తలో మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని షాపుకు వచ్చేది. భర్త తిన్నాక గిన్నెలు సర్దుకుని వెంటనే ఇంటికి పోబుద్ధయ్యేది కాదు ఆమెకు. తిరుగుతున్న ఇనుము నుంచి వేడి చుట్టలు ఊడి పడుతుంటే చూస్తూ నిలబడేది. ఒకరోజు పనివాడు రాకపోతే సూర్యనారాయణ, "ఈ హేండిల్ నెమ్మదిగా తిప్పుతూ ఉండు, నేను చెప్పినప్పుడు ఆపు" అన్నాడు. అలా మొదలైంది. కూతురు లహరి బడికి వెళ్లే వయసొచ్చేసరికి షాపులో రెండో లేత్ రత్నానిదే అయిపోయింది. అయినా వచ్చేపోయేవాళ్ల కంటికి ఆమె మొగుడికి సాయంగా వచ్చిన ఇల్లాలే. ఆమె కూడా ఎవరితోనూ కాదనలేదు.

రెండేళ్ల కిందట సూర్యనారాయణ కుడిచేతి బొటనవేలు ఊరికే కదలడం మొదలుపెట్టింది. పనిలో ఉన్నప్పుడు కాదు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు. తర్వాత చెయ్యంతా వణికింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టేది. ఏలూరులో డాక్టరు చేతులు చాపమన్నాడు, వేళ్లు ఆడించమన్నాడు, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమన్నాడు. పార్కిన్సన్స్ అన్నాడు. మందులతో అదుపులో ఉంటుందనీ, పూర్తిగా పోయేది మాత్రం కాదనీ చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సూర్యనారాయణ ఒక్క మాటే అన్నాడు. "షాపుకొచ్చేవాళ్లకి చెప్పకు."

ఆమె చెప్పలేదు. మోటు పనులు అతను చేసేవాడు. వెంట్రుకంత తేడా కూడా రాకూడని పనులు ఆమె చేసేది. ఎవరైనా వస్తే అతను ముందుకొచ్చి, కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని మాట్లాడేవాడు. పని బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే తలూపేవాడు. వాళ్లు వెళ్లిపోయాక ఆ పూటంతా భార్యతో సరిగా మాట్లాడేవాడు కాదు. మొదట్లో రత్నానికి అర్థమయ్యేది కాదు. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియలేదు.

సత్తిబాబు ఎండలు ముదరకముందే ఒక ఉదయం వచ్చాడు. అతనిది మండవల్లి. కొల్లేరు అంచున చేపల చెరువులున్నాయి. పాత కార్లంటే ప్రాణం. ఎక్కడో షెడ్డులో కోళ్లు కాపురం చేస్తున్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొని తెచ్చి, మూడేళ్లుగా ఒక్కో భాగమే బాగుచేయించుకుంటున్నాడు. పాత బట్టలో చుట్టిన అల్యూమినియం ముక్క విప్పి బల్లమీద పెట్టాడు. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిప్పే పంపు బాడీ అది. లోపల బేరింగు కూర్చునే చోటు అరిగి కోలగా అయిపోయింది.

"మే నెల్లో విజయవాడలో పాత కార్లవాళ్లందరం కలుస్తున్నామండీ సూర్యంగారూ. అక్కడిదాకా నా బండి సొంతంగా నడిచి వెళ్లాలి. నీళ్లు కారిపోతుంటే ఎలా వెళ్తుందండీ?"

"ఈ బేరింగు బోరు పెద్దది చేసి, లోపల సన్నటి గొట్టంలా స్లీవు వెయ్యాలండీ" అన్నాడు సూర్యనారాయణ.

"మీకు తెలియంది ఏముంది. ఒక్కటే మాట, దీనికి జత ఎక్కడా దొరకట్లేదు. మీ చేత్తోనే చెయ్యండి. ఇంకెవరికీ ఇవ్వకండి." సత్తిబాబు అటు తిరిగి, "అక్కయ్యగారూ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా" అన్నాడు.

రత్నం చేతులు తుడుచుకుని నీళ్లు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులకు ఆమె నిడదవోలు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కాపురముంటున్న లహరికి ఏడో నెల, ఆస్పత్రిలో చూపించాలి. "పంపు ముట్టుకోకండి, సాయంత్రం వచ్చి నేను పట్టుకుంటా" అని చెప్పి రైలెక్కింది.

ఆ ఉదయం సూర్యనారాయణకు చెయ్యి తేలిగ్గా ఉంది. మందు బాగా పనిచేసే గంటలు కొన్ని ఉంటాయి. అలాంటప్పుడు మునుపటి మనిషినే అయ్యాననిపించేది అతనికి. పంపు బాడీని లేత్ చక్‌లో, ముక్కను పట్టి తిప్పే దవడల మధ్య, బిగించాడు. నాలుగు వైపులా సమానంగా బిగిసిందో లేదో చూశాడు. బాగానే ఉందనుకున్నాడు. మొదటి కోత సాఫీగా నడిచింది. ఆ సంతోషంలో రెండో కోతకు కూడా తనే పూనుకున్నాడు. హేండిల్ తిప్పుతుండగా చెయ్యి ఒక్కసారి జెర్కు ఇచ్చింది. పనిముట్టు అల్యూమినియంలోకి దిగబడింది. బాడీ చక్ నుంచి ఎగిరి వెనక రేకు గోడకు కొట్టుకుంది. బోల్టు వేసే చెవి ఒకటి తునిగింది, మధ్యలో నిలువునా పగులు పారింది.

రత్నం సాయంత్రం వచ్చేసరికి షాపులో మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. అతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముక్కలు బల్లమీద పేర్చి ఉన్నాయి.

"మీకేం తగల్లేదు కదా?" అంది ముందు.

"లేదు."

ఆమె ముక్కలు చేతిలోకి తీసుకుని చూసింది. అతుకు వేసినా నిలవదని తెలిసిపోయింది.

"పాత సామాను కదా" అన్నాడు అతను. "పగులు ముందే ఉందని చెబుదాం. బిగించగానే విడిపోయిందందాం. ఆయన కాదనడు."

"మీ ఇష్టమండీ" అంది రత్నం. షాపు కట్టేసి ఇంటికి వెళ్లి అన్నం వండింది. ఇద్దరూ లహరి గురించి మాట్లాడుకున్నారు. ముక్కల మాట ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారి ఆమె లేచేసరికి అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. గీసుకునేటప్పుడు రెండుచోట్ల తెగింది.

"మండవల్లి వెళ్దాం పద" అన్నాడు. "ఫోన్లో చెప్పే మాట కాదు."

ఏలూరు దాకా రైల్లో, అక్కడి నుంచి కొల్లేరు మీదుగా కైకలూరు బస్సులో వెళ్లారు. దారి పొడుగునా రెండువైపులా నీళ్లే. గట్ల మీద కొబ్బరిచెట్లు, చెరువుల్లో నురగలు చిమ్ముతూ ఏరేటర్లు. వాటిలో కొన్నింటి గేర్లు తమ షాపులో కోసినవే. సూర్యనారాయణ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. రత్నం ఒళ్లో ఉన్న సంచిలో పంపు ముక్కలు బస్సు కుదుపుకల్లా చప్పుడు చేశాయి. కైకలూరులో దిగి ఆటో ఎక్కారు.

సత్తిబాబు ఇల్లు చెరువు పక్కనే. చేపల మేత బస్తాలు పెట్టే షెడ్డులో ఒక పక్కగా ఆకాశం రంగు హెరాల్డ్ నిలబడి ఉంది. అతని భార్య చంద్రకళ ఎదురొచ్చి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది.

"అప్పుడే అయిపోయిందాండీ?" అంటూ సత్తిబాబు నవ్వుకుంటూ వచ్చాడు.

సూర్యనారాయణ కూర్చోలేదు. సంచిలోంచి ముక్కలు తీయించి అరుగు మీద పెట్టించాడు. "నా చేతిలో విరిగిపోయిందండీ" అన్నాడు. జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. అది అందరి ముందూ వణికింది. "రెండేళ్లయింది ఇలా. డాక్టరు పార్కిన్సన్స్ అన్నాడు. ఇది పట్టుకోకూడదని తెలిసీ పట్టుకున్నాను."

సత్తిబాబు ముక్కల వంక చూడలేదు. ఆ చేతినే చూశాడు.

"రెండేళ్లా? మరి పోయినేడు నా జీపుకి రాకర్ షాఫ్ట్ చేశారు కదండీ."

"అది రత్నం చేసింది."

"మా బావమరిది కారుకి క్యామ్ బుష్‌లు?"

"అవీ తనే."

"నేను మీకు ఫోన్ చేసి అంతలా మెచ్చుకున్నాను. ఊరుకున్నారు."

"అవునండీ."

సత్తిబాబు ముఖం చిన్నబోయింది. "విరిగినందుక్కాదండీ. వస్తువన్నాక విరుగుద్ది. ఇన్నాళ్లూ నాకు చెప్పకపోవడం ఏం బాగుంది? నేను మీకు పరాయివాడినా?" అని, జవాబు కోసం ఆగకుండా చెరువు గట్టు మీదికి వెళ్లిపోయాడు.

చంద్రకళ ఇద్దరినీ భోజనానికి కూర్చోబెట్టింది. "ఆయనకి మనసు కష్టపడితే అంతేనండీ, గట్టు మీదికెళ్లి చేపలకి చెప్పుకుంటారు. మీరు తినండి" అంటూ చేపల పులుసు వడ్డించింది. సూర్యనారాయణ చేతిలో ముద్ద నిలవడం లేదని చూసి, ఒక చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టింది.

బయల్దేరేముందు రత్నం గట్టు మీదికి వెళ్లింది. సత్తిబాబు నీళ్లలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.

"సత్తిబాబుగారూ, నేనొక కొత్త బాడీ చేసి తెస్తానండీ. అల్యూమినియం దిమ్మె తీసుకుని దాంట్లోంచే మొత్తం చెక్కేస్తా. మీకు నచ్చితే పెట్టుకోండి, లేకపోతే పక్కన పడేయండి. ఒకసారి ఇంజను కొలతలు తీసుకోనివ్వండి."

"చూసుకోండి అక్కయ్యగారూ" అన్నాడు అతను, ఉత్సాహమేమీ లేకుండా. "నేను కోయంబత్తూరు వర్క్‌షాపుల్లో కూడా అడుగుతాను. మరోలా అనుకోకండి."

"అనుకోనండీ."

పంపు కూర్చునే చోట ఇంజను మొహం మీద ఆమె పల్చటి కాగితం పరిచి, మసివేలితో రుద్దింది. బోల్టు బెజ్జాలన్నీ కాగితం మీద అచ్చుపడ్డాయి. దాన్ని మడతపెట్టి జాకెట్టులో దోపుకుంది.

తిరుగుదారిలో, ఏలూరులో పాత ఇనుము కొట్టు పేతురు దగ్గర అల్యూమినియం దిమ్మెలు రెండు దొరికాయి. ఒకటి చాలదా అన్నాడు సూర్యనారాయణ. ఉండనివ్వండి అంది రత్నం.

పని మొదలైన దగ్గర్నుంచి అతను ఆమె భుజం దగ్గరే నిలబడ్డాడు. దిమ్మె బిగిస్తుంటే "ఇంకొంచెం అటు" అన్నాడు. కోత పెడుతుంటే "అంత లోతు వద్దు" అన్నాడు. చప్పుడు మారితే "స్పీడు తగ్గించు" అన్నాడు. ఆమె చెయ్యబోతున్నదే చెప్పేవాడు చాలాసార్లు. రెండో రోజుకు రత్నం మెషిను ఆపేసింది.

"ఏవండీ, మీరు కాసేపు బయట కూర్చుంటారా? నాకు నా చెయ్యి వినపడట్లేదు."

అతను బయటికి వెళ్లాడు. ఎదురుగా కిళ్లీకొట్టు బల్లమీద కూర్చున్నాడు. రత్నం గుమ్మం దాకా వచ్చింది. పిలుద్దామా అనుకుంది. పిలవలేదు. మళ్లీ మెషిను వేసింది.

ఆ మధ్యాహ్నానికి బోరు వచ్చింది, చెవులు వచ్చాయి, ముందు మెడ భాగం గుండ్రంగా తీరింది. పాత బాడీ బెజ్జాలు అరిగి ఉన్నాయి కాబట్టి వాటిని నమ్మకుండా, మండవల్లి నుంచి తెచ్చిన కాగితం కొత్త బాడీ మొహం మీద అంటించి గుర్తులు కొట్టింది. బెజ్జాలు వేసింది. తుడిచి, పాత ముక్కల పక్కన పెట్టి చూసుకుంది.

చాలాసేపు చూసింది. తర్వాత నేలమీద చతికిలబడింది.

మెషిను ఆగి ఎంతకీ మళ్లీ మోగకపోయేసరికి సూర్యనారాయణ రోడ్డు దాటి లోపలికొచ్చాడు. ఆమె బల్లవైపు చూపించింది. అతను వంగి చూశాడు. కొత్తది చక్కగా ఉంది. నునుపు, మెరుపు, కొలత అన్నీ ఉన్నాయి. బెజ్జాలు మాత్రం ఎడమవి కుడికి, కుడివి ఎడమకు పడ్డాయి. ఒకే జోడులో ఎడమ చెప్పూ కుడి చెప్పూ పక్కపక్కన పెట్టినట్లున్నాయి రెండూ.

"ఇంజను మొహం మీద రుద్దిన కాగితం" అన్నాడు. "దానికి ఎదురొచ్చే మొహానికి తిరగేసి అంటించాలి కదే."

"తెలుసు" అంది రత్నం. "ఇప్పుడు తెలుసు."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు కాని ఆగలేదు. స్టూలు పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆ షాపులో అతను అలా నవ్వి చాలా కాలమైంది. రత్నానికి మొదట ఒళ్లు మండింది.

"నవ్వండి. రెండు రోజుల పని పోయింది, నవ్వండి."

"అందుక్కాదు రత్నం." అతను ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు. కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది. "ఈ రెండేళ్లలో నువ్వు ఒక్క ముక్క కూడా పాడుచెయ్యలేదు. ప్రతిదీ సరిగ్గా వచ్చేది. అది చూసి సంతోషించాల్సింది పోయి, నేను కుళ్లుకునేవాణ్ని. ఇంక నాతో ఈ షాపుకేం పని అనిపించేది. మొన్న నువ్వు ఊరెళ్లినప్పుడు ఆ పంపును ముట్టుకున్నది కూడా అందుకే."

ఆమె చీరకు అంటిన అల్యూమినియం రజను దులుపుకుంది.

"మీరు పక్కనుంటే నాకు ధైర్యమండీ" అంది చివరికి. "భుజం మీద ఎక్కి కూర్చుంటేనే కష్టం."

"సరే. అడిగితేనే చెప్తాను."

"అడుగుతాను."

రెండో దిమ్మె బిగించారు. ఈసారి అతను తన స్టూలు రెండడుగులు వెనక్కి వేసుకున్నాడు. ఆమె నిజంగానే అడిగింది, అతని మనసు కోసం కాదు. సన్నటి గోడ దగ్గర అల్యూమినియం వేడెక్కి సాగుతుందేమోనని అనుమానం వచ్చి ఆగింది. "చల్లారనిచ్చి రేపు కొలుచుకో, వేడి మీద కొలత అబద్ధం చెబుతుంది" అన్నాడు అతను. కాగితం తిరగేసి అంటించేటప్పుడు ఇద్దరూ కలిసి చూశారు. ఆ తర్వాత పాత ముక్కతో ఇంకోసారి పోల్చి చూసుకున్నారు.

సత్తిబాబుకు ఫోను చేస్తే, ఒక్క ముక్కే అయితే తాము చెయ్యబోమని కోయంబత్తూరువాళ్లు అన్నారని చెప్పాడు. "తీసుకురండి అక్కయ్యగారూ, చూద్దాం" అన్నాడు. గొంతులో బెట్టు కొంచెం తగ్గింది.

మండవల్లిలో షెడ్డు ముందు కారు బయటికి తోసి ఉంచాడు. పంపు రత్నమే బిగించింది. సూర్యనారాయణ ఎడమచేత్తో స్పానర్లు అందించాడు. నీళ్లు పోశారు. సత్తిబాబు తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంది. అందరి కళ్లూ పంపు మీదే ఉన్నాయి. జాయింటు దగ్గర ఒక నీటి చుక్క ఊరింది. రత్నం వంగి కింది బోల్టు పావు తిప్పు బిగించి, గుడ్డతో తుడిచింది. మళ్లీ చుక్క రాలేదు. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచి, సగంలో నిలబడింది. చాలాసేపు అక్కడే ఉంది.

సత్తిబాబు వంగి ఆ పంపును చూశాడు. వేలితో దాని అంచు తడిమాడు. "ఆ రోజు మీతో కూర్చుని అన్నం తినలేదు. తప్పయిపోయిందండీ సూర్యంగారూ" అన్నాడు.

"తప్పు నాది" అన్నాడు సూర్యనారాయణ.

"ఎక్కండి అందరూ."

చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద హెరాల్డ్ సాగింది. ముందు సీట్లో సూర్యనారాయణ, వెనక రత్నం, చంద్రకళ. తలుపులు, అద్దాలు, సీట్లు అన్నీ గడగడలాడుతున్నాయి. సూర్యనారాయణ తన కుడిచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. సత్తిబాబు అటు చూసి, "ఈ బండెక్కితే అందరి చేతులూ వణుకుతాయి లెండి" అన్నాడు. వెనకనుంచి చంద్రకళ "ఏం మాటలండీ అవి" అని కసిరింది. కాని సూర్యనారాయణ నవ్వాడు. దూరంగా నీళ్ల మీద గూడబాతులు గుంపుగా లేచి, ఒక చుట్టు తిరిగి అక్కడే దిగాయి.

విజయవాడకు ఆ కారు ఆగకుండా వెళ్లింది. అక్కడ సత్తిబాబు బానెట్టు ఎత్తిపెట్టి, పంపు ఎవరు చేశారో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాడు. ఆ తర్వాత షాపుకు కొత్త పనులు వచ్చాయి. కొన్ని పాతవి పోయాయి కూడా. ఒక రైసుమిల్లు యజమాని, ఎన్నో ఏళ్ల నుంచి వస్తున్నవాడు, సూర్యనారాయణ చెయ్యి చూసి, చెప్పాపెట్టకుండా పని వేరే షాపుకు మార్చుకున్నాడు. అది తెలిసిన రోజు ఇద్దరూ బాధపడ్డారు. జబ్బు కూడా ఆగలేదు. మందుల మోతాదు పెరిగింది, నడక నెమ్మదించింది. లహరికి ఆడపిల్ల పుట్టింది. మనవరాలిని ఎత్తుకోవడానికి అతను మొదట భయపడ్డాడు. రత్నం అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో దిండు వేసి, దాని మీద పాపను పడుకోబెట్టింది.

ఇప్పుడతను షాపులో ముందు బల్ల దగ్గర కూర్చుంటాడు. వచ్చిన ముక్క ఏ బండిదో, ఎందుకు అరిగిందో, ఏ లోహంతో చేస్తే నిలుస్తుందో చెబుతాడు. చెయ్యి జేబులో పెట్టుకోవడం మానేశాడు.

మొన్నామధ్య జంగారెడ్డిగూడెం నుంచి ఒకాయన పాత జీపు సామాను గోనెసంచిలో తెచ్చి అతని ముందు పెట్టాడు. "ఇలాంటిది చెయ్యగలరాండీ?" అన్నాడు.

సూర్యనారాయణ దాన్ని దగ్గరికి తీసుకుని చూశాడు. "అవుతుందండీ" అని, లోపలికి తిరిగి, "రత్నం, కొలత తీసుకోవాలి, ఒకసారి రా" అని పిలిచాడు. తర్వాత వచ్చినాయన వైపు కుర్చీ జరిపి, "కూర్చోండి, చేతిలో పని ముగించుకుని వస్తుంది" అన్నాడు.